బొగ్గు డబ్బా పీకేద్దామా? పెట్రోల్ కారు క్యానిస్టర్ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

హోలీ దాటి ఎండ ముదిరిందంటే మా షెడ్డు ముందు ఒకే రకం కేసులు వచ్చి ఆగుతాయి. బానెట్ ఎత్తకముందే ఓనర్ మొదలుపెడతాడు. "అన్నా, లోపల పెట్రోల్ వాసన గుప్పుమంటుంది. మా బామ్మర్ది చెప్పిండు, గా బొగ్గు డబ్బా పీకేస్తే పీడ పోతదట." వరంగల్‌లో ములుగు రోడ్డు వైపు మాది చిన్న షెడ్డు. ఈ మాట ఎన్ని ఎండాకాలాల నుంచి వింటున్నానో లెక్కలేదు. నేను తిరిగి అడిగేది ఒక్కటే: "పీకేస్తం సరే తమ్మీ, ఆవిరి ఎటు పోవాలె?" దానికి ఇప్పటిదాకా ఎవరూ సరిగ్గా జవాబు చెప్పలేదు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పీ చెప్పీ గొంతు పోతోంది, అందుకే ఇక్కడ రాస్తున్నా.

అసలు ఈ డబ్బా ఏంటి? ఎందుకు పెట్టారు?

పెట్రోల్ ట్యాంకులో ఊరికే కూర్చోదు, ఎప్పుడూ ఎంతో కొంత ఆవిరవుతూనే ఉంటుంది. మే నెలలో మన దగ్గర 44 డిగ్రీలు కొడుతుంటే, కింద తారు రోడ్డు సెగ, పక్కన సైలెన్సర్ వేడి కలిసి ఆ ఆవిరి ఇంకా ఎక్కువవుతుంది. ట్యాంకును గట్టిగా మూస్తే లోపల ప్రెషర్ పెరుగుతుంది, తెరిచి వదిలేస్తే ఆవిరి గాలిలో కలుస్తుంది. రెండూ పనికిరావు కాబట్టి మధ్యలో ఒక ప్లాస్టిక్ డబ్బా పెట్టి, దాని నిండా యాక్టివేటెడ్ చార్‌కోల్ నింపారు. నీళ్ల ఫిల్టర్లలో వాడే బొగ్గు లాంటిదే, కాకపోతే రకం వేరు. దాన్నే చార్‌కోల్ క్యానిస్టర్ అంటారు, మా షెడ్డు పోరగాళ్లు మాత్రం బొగ్గు డబ్బా అనే అంటారు.

ట్యాంకు నుంచి వచ్చిన ఆవిరిని బొగ్గు పట్టి ఉంచుతుంది. ఇంజన్ వేడెక్కి బండి సాఫీగా నడుస్తున్నప్పుడు ఈసీయూ, అంటే ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్, ఒక చిన్న కరెంటు వాల్వ్‌ను తెరుస్తుంది, అదే పర్జ్ వాల్వ్. అప్పుడు ఇంజన్ పీల్పుకి బయటి గాలి డబ్బాలోకి దూరి, బొగ్గు పట్టుకున్న ఆవిరిని తోడుకుని సిలిండర్లలోకి పోతుంది, అక్కడ మండిపోతుంది. వెనకట ఇళ్లల్లో వడ్ల గుమ్మి ఉండేది చూడండి, పంట వచ్చినప్పుడు నింపుకోవడం, అవసరం పడ్డప్పుడు తీసుకోవడం, ఇది కూడా అంతే. గుమ్మి రోజూ ఖాళీ అవుతుండాలి, అప్పుడే రేపటి పంటకు జాగా ఉంటుంది.

ఈ మొత్తం సరంజామాను, అంటే ట్యాంకు మూత, పైపులు, డబ్బా, వాల్వ్ అన్నీ కలిపి ఈవ్యాప్ సిస్టమ్ అంటారు.

నా బండికి ఉందా లేదా ఎట్లా తెలుస్తుంది?

ఈ రోజుల్లో వచ్చే పెట్రోల్ కారు ఏదైనా సరే, ఉంటుంది. కొన్నింటికి బానెట్ కిందే పక్కకి నల్లగా కనిపిస్తుంది, చాలా కొత్త కార్లకు వెనక ట్యాంకు పక్కన ఉంటుంది, ర్యాంపు ఎక్కిస్తే గానీ కనిపించదు. డీజిల్‌కి ఉండదు, డీజిల్ అంత తేలిగ్గా ఆవిరి కాదు. సీఎన్‌జీ బండి అనుకుని వదిలేయకండి, దాంట్లో పెట్రోల్ ట్యాంకు కూడా ఉంటుంది కదా, కాబట్టి డబ్బా కూడా ఉంటుంది. 2017 ఏప్రిల్‌లో బీఎస్ 4 కాలుష్య నిబంధనలు దేశమంతా వచ్చాక కొత్త మోటార్‌సైకిళ్లకు కూడా చిన్న డబ్బా వస్తోంది.

ఇదేదో నిన్న మొన్న మన మీద రుద్దిన ఏర్పాటు అనుకునేవాళ్లు ఉన్నారు. అమెరికాలో 1971 నుంచే దేశమంతటా కార్లకు పెడుతున్నారు, కాలిఫోర్నియాలో అంతకు ఒక ఏడాది ముందే.

పీకేస్తే పికప్, మైలేజ్ పెరుగుతాయంటున్నారు. నిజమేనా?

కాదు. డబ్బా బరువు కిలో, రెండు కిలోలు, దాన్ని తీసేసి బండి తేలికైందంటే డిక్కీలో ఉన్న నీళ్ల బాటిళ్లు తీసేసినా తేలికవుతుంది. పర్జ్ అవుతున్నప్పుడు, అంటే డబ్బాలోని ఆవిరి ఇంజన్‌లోకి పోతున్నప్పుడు, సైలెన్సర్ దారిలో ఉన్న ఆక్సిజన్ సెన్సర్ ఆ తేడాను కనిపెడుతుంది, ఈసీయూ ఆ మేరకు ఇంజెక్టర్ల నుంచి పెట్రోల్ తగ్గిస్తుంది. అంటే ఆ ఆవిరి కూడా మీరు డబ్బులు పెట్టి కొన్న పెట్రోలే, బండి దాన్ని వాడుకుంటోంది. డబ్బా పీకితే అది గాలిలో పోతుంది. మైలేజ్ పెరిగే దారి ఎక్కడుంది?

మరి పీకాక బండి బాగైందని చెప్పేవాళ్లు అబద్ధం చెప్తున్నారా అంటే, అదీ కాదు. ఇక్కడ జరిగేది వేరు. వాళ్ల పర్జ్ వాల్వ్ ఎప్పుడో తెరుచుకుని ఇరుక్కుపోయి ఉంటుంది. ఐడ్లింగ్‌లో, అంటే బండి ఆగి ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు కూడా ఆవిరి, గాలి కలిసి ఇంజన్‌లోకి పోతుండటం వల్ల బండి వణుకుతుంది, సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది. మెకానిక్ డబ్బా పీకినప్పుడు మ్యానిఫోల్డ్, అంటే ఇంజన్‌లోకి గాలి పోయే గొట్టం, దగ్గర పైపును కూడా మూసేస్తాడు, దాంతో ఆ లీకు ఆగిపోతుంది, ఐడ్లింగ్ సాఫీ అవుతుంది. పేరు మాత్రం డబ్బా పీకినందుకు వస్తుంది. ఆ వాల్వ్ ఒక్కటి మారిస్తే సరిపోయేది. పంటి నొప్పికి దవడ తీయించుకున్నట్టు.

లోపల పెట్రోల్ వాసన వస్తోంది. డబ్బా చెడిపోయిందా?

అయి ఉండొచ్చు గానీ నేను చివరికి చూసేది దాన్ని. ముందు ట్యాంకు మూత చూస్తా, మూత లోపలి రబ్బరు రింగు ఎండకు పగిలిపోయి ఉంటుంది, వేలితో తడిమితే తెలిసిపోతుంది. బయట దొరికే లోకల్ మూత పెట్టి ఉంటే దాదాపు అక్కడే దొరుకుతుంది. ఆ తర్వాత వెనక సీటు ఎత్తి ఫ్యూయల్ పంపు మూత దగ్గర తడి ఉందా అని చూస్తా, ఎవరైనా పంపు విప్పి పాత గ్యాస్కెట్‌తోనే మళ్లీ బిగించి ఉంటే అక్కడ తప్పకుండా వాసన కొడుతుంది, నేరుగా క్యాబిన్‌లోకే వస్తుంది. ఆ తర్వాత పైపులు.

పైపుల దగ్గర మా ఊళ్లో పెద్ద శత్రువు ఎలుక. ఎనుమాముల మార్కెట్ దగ్గర మిర్చి, పత్తి బస్తాల పక్కన కారు పెట్టుకునే ఒక సేట్ బండికి ఒకే ఏడాదిలో రెండుసార్లు ఆవిరి పైపు మార్చా. రెండుసార్లూ ఎలుకలే కొరికాయి. ఆయన కూడా డబ్బా తీసేద్దామనే వచ్చాడు. తీసేస్తే ఎలుకలు వైర్లు కొరుకుతాయి సేటూ అన్నా, నవ్వి ఊరుకున్నాడు.

ఇవన్నీ బాగుంటే అప్పుడు డబ్బా వంతు. అది పాడవ్వడానికి ముఖ్యమైన కారణం మాత్రం మన చేతుల్లోనే ఉంది.

అంటే ఏంటి ఆ కారణం?

బంకులో నాజిల్ టక్కుమని ఆగాక కూడా "ఇంకో యాభై రూపాయలది కొట్టు అన్నా, రౌండ్ ఫిగర్ చెయ్" అనడం.

ట్యాంకు పైభాగంలో కొంత ఖాళీ కావాలనే వదులుతారు, ఆవిరి చేరడానికి, వేడికి పెట్రోల్ పొంగితే సర్దుకోవడానికి. నాజిల్ ఆగిందంటే ఆ ఖాళీ దగ్గరికి వచ్చామని అర్థం. అక్కడి నుంచి నొక్కి నొక్కి పోస్తే ఆవిరి పోవాల్సిన పైపులోకి పెట్రోల్ ద్రవంగానే పోతుంది. డబ్బాలోని బొగ్గు ఆవిరిని పట్టుకునేందుకు ఉన్నది, పెట్రోల్‌ను తాగేందుకు కాదు. ఒక్కసారి తడిసి ముద్దయితే మళ్లీ ఆరడం కష్టం.

మేడారం జాతర అయిన వారానికి పరకాల నుంచి ఒకాయన వచ్చాడు. జాతరకు పోయేటప్పుడు దారిలో క్యూలు ఉంటాయని, బంకు దొరుకుతుందో లేదో అని టెన్షన్‌తో మూత దాకా నింపించాడట. నింపించి, మధ్యాహ్నం ఎండలో తాడ్వాయి దగ్గర పార్కింగ్‌లో గంటలు గంటలు నిలబెట్టాడు. వచ్చినప్పుడు బండి ఐడ్లింగ్ దగ్గర దగ్గుతోంది, ప్లగ్గులు తీస్తే నల్లగా మసి, స్కానర్‌లో పి0172, అంటే మిశ్రమంలో పెట్రోల్ ఎక్కువైందని. డబ్బా విప్పి చేతిలోకి తీసుకుంటే మామూలు కన్నా బరువు. అటూ ఇటూ ఊపితే లోపల గలగల. ఎట్లాగూ మార్చాల్సిందే కాబట్టి ఆరుబయట పెట్టి చేతిరంపంతో మెల్లగా కోశా, ఆయన చూడాలని. లోపల బియ్యపు గింజల్లాంటి నల్లటి గుళికలు, సగం పొడిపొడిగా రాలుతున్నాయి, సగం పెట్రోల్‌లో నాని మెరుస్తున్నాయి, అడుగున ఉన్న స్పాంజి పిండితే చుక్కలు కారాయి. ఆ పొడి వాల్వ్‌లోకి కూడా చేరింది, అందుకే వాల్వ్ సరిగ్గా మూసుకోవట్లేదు. యాభై రూపాయల పెట్రోల్‌కి డబ్బా, వాల్వ్ రెండూ పోయాయి.

అప్పటి నుంచి ఆయన బంకులో నాజిల్ ఆగగానే "చాల్ బాపూ, చాల్" అని చెయ్యి ఊపుతాడట, కొడుకు చెప్పాడు.

పెట్రోల్ పోయించిన వెంటనే బండి స్టార్ట్ కాదు, రెండు మూడుసార్లు సెల్ఫ్ కొట్టాలి. మిగతా టైంలో బాగానే ఉంటుంది. ఇది కూడా అదేనా?

నూటికి తొంభై పర్జ్ వాల్వే. ట్యాంకులోకి పెట్రోల్ పడుతుంటే అక్కడున్న ఆవిరంతా డబ్బాలోకి నెట్టబడుతుంది. వాల్వ్ మూసుకుని ఉంటే అది అక్కడే ఆగుతుంది. ఇరుక్కుని తెరిచి ఉంటే నేరుగా ఇంజన్‌లోకి పోయి చేరుతుంది, మీరు తాళం తిప్పేసరికి సిలిండర్లలో ఆవిరి ఎక్కువై అంటుకోదు.

ఇంట్లోనే చూసుకోవచ్చు. ఇంజన్ పూర్తిగా చల్లారాక వాల్వ్ విప్పి, దానికి ఒక శుభ్రమైన పైపు ముక్క పెట్టి ఊదండి. కరెంటు లేనప్పుడు పర్జ్ వాల్వ్ మూసుకుని ఉండాలి, గాలి పోకూడదు. పోతుందంటే వాల్వ్ పని అయిపోయింది. ఊదమన్నా, పీల్చమనలేదు, దాంట్లో ఉండేది పెట్రోల్ ఆవిరి.

వాల్వ్ దగ్గర టిక్ టిక్ మంటోంది?

అననివ్వండి, అది పనిచేస్తున్న చప్పుడు. ఆగిపోతేనే చూడాలి.

డబ్బా పీకి ట్యాంకు నుంచి వచ్చే పైపును గట్టిగా మూసేస్తే సరిపోదా?

ఈ ప్రశ్నకు నా సొంత కథ చెప్పాలి. పని నేర్చుకుంటున్న రోజుల్లో, మీసాలు అప్పుడే వస్తున్న వయసులో, నేనే నా పాత పెట్రోల్ బండికి ఈ ప్రయోగం చేశా. డబ్బా పీకేశా, ట్యాంకు పైపులో ఒక బోల్టు దూర్చి క్లిప్పు బిగించా. ఎంత నీట్‌గా చేశానో అని రెండు రోజులు మురిసిపోయా.

మూడో రోజు మే నెల, మిట్ట మధ్యాహ్నం, హన్మకొండ చౌరస్తా దగ్గర ఎండలో రెండు గంటలు బండి ఆపి, తర్వాత బంకుకి పోయి మూత తిప్పా. సగం తిరిగిందో లేదో మూత చేతిలోంచి ఎగిరింది, పెట్రోల్ చిమ్మి చొక్కా మీద, మెడ మీద పడింది. బంకులో పనిచేసే పెద్దాయన ఉన్నపళంగా మోటారు ఆపి, నన్ను పక్కకి లాగి, ఇసుక బకెట్ తెచ్చాడు. ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను, అన్నీ న్యాయమైనవే. చుట్టుపక్కల ఎవరైనా బీడీ ముట్టించి ఉంటే ఈ ప్రశ్నలకు జవాబులు రాయడానికి నేను ఉండేవాణ్ని కాదు.

బుద్ధి రాలేదు. అదే వారం రాత్రిపూట కరీంనగర్ పోతుంటే హుజూరాబాద్ దాటాక బండి గుంజడం మానేసింది, కాసేపు దగ్గి ఆగిపోయింది. పంపు పోయిందనుకున్నా. ఎందుకో మూత తిప్పితే భుస్సుమని గాలి లోపలికి పీల్చుకుంది, వెంటనే స్టార్ట్ అయింది. ఈసారి వ్యవహారం తలకిందులు. పగలు ఎండకు లోపలి ప్రెషర్ బయటికి తన్నింది, రాత్రి చల్లబడి, పెట్రోల్ తగ్గుతూ వచ్చేసరికి లోపల ఖాళీ అయిన చోటికి గాలి చేరే దారి లేదు. మంచి మూతల్లో గాలి లోపలికి వదిలే చిన్న వాల్వ్ ఉంటుంది, నాది లోకల్ మూత, దాంట్లో అది లేదు. పంపు ఆ పీల్పుకు ఎదురు గుంజీ గుంజీ అలిసిపోతుంది. ఇలాగే ఎక్కువ రోజులు నడిపితే ట్యాంకు కూడా లోపలికి సొట్ట పడొచ్చు, పంపు ముందే పోవచ్చు.

డబ్బా అంటే ఆవిరి దాచే గుమ్మి మాత్రమే కాదు, ట్యాంకుకు ముక్కు కూడా అదే. ముక్కు మూశాక ఇంకేం ఉంటుంది.

సరే, మూయకుండా పైపును బయటికి వదిలేస్తే?

ట్యాంకు ఊపిరి తీసుకుంటుంది, కానీ ఆ ఊపిరి మీ ఇంట్లోకి వస్తుంది. పెట్రోల్ ఆవిరి గాలి కన్నా బరువు, పైకి లేచి పోదు, నేల మీద పాకుతూ పల్లంలో చేరుతుంది. మన ఇళ్లల్లో కారు పోర్టికోలో ఉంటుంది, పక్క గోడకే ఇన్వర్టర్, రెండడుగుల దూరంలో తులసికోట దగ్గర సాయంత్రం దీపం. అపార్ట్‌మెంట్ సెల్లార్ అయితే ఇంకా ఘోరం, గాలి ఆడదు, లిఫ్టు మోటారు, చార్జింగ్‌లో పెట్టిన స్కూటర్లు అన్నీ అక్కడే. గాలిలో పెట్రోల్ ఆవిరి సుమారు ఒకటిన్నర శాతం చేరితే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది. ప్రతి బండీ అంటుకుంటుందని భయపెట్టట్లేదు, కానీ రోజూ రాత్రి ఆ జూదం ఎందుకు?

వాసన సంగతి సరేసరి. వాసన పోవాలని పీకించుకున్నవాళ్లు, పీకాక ఇంకా ఎక్కువ వాసన వస్తుందని మళ్లీ నా దగ్గరికే వస్తారు. తలనొప్పి, వికారం, చిన్నపిల్లలు కారెక్కగానే వాంతి. పెట్రోల్‌లో బెంజీన్ ఉంటుంది, క్యాన్సర్ తెచ్చే పదార్థాల జాబితాలో అది మొదటి వర్గంలో ఉంది. బయటికి పోయిన ఆవిరి కూడా ఊరికే మాయమైపోదు, ఎండలో పొగతో కలిసి నేల దగ్గర ఓజోన్ తయారుచేస్తుంది, అది దగ్గు, ఆయాసం ఉన్నవాళ్లకు మంచిది కాదు.

ఇంకో మాట, తెరిచిన పైపులోంచి ఆవిరి బయటికి పోవడమే కాదు, దుమ్ము, వాననీళ్లు లోపలికి కూడా వస్తాయి. గోదావరిఖని, భూపాలపల్లి వైపు బొగ్గు లారీల వెనక తిరిగే బండి అయితే చెప్పక్కర్లేదు.

చెక్ ఇంజన్ లైట్ వస్తుందా?

వస్తుంది. వాల్వ్ ప్లగ్ పీకితే ఈసీయూకి తెలిసిపోతుంది, పి0443, పి0444 లాంటి కోడ్లు వేస్తుంది. లీకు కనిపెట్టే సెన్సర్లు ఉన్న బండి అయితే పి0442, పి0455 లాంటివి, అవి చిన్న లీకు, పెద్ద లీకు అని చెప్పేవి. మ్యానిఫోల్డ్ దగ్గర పైపు మూయడం మర్చిపోతే గాలి ఎక్కువై పి0171 వస్తుంది, ఐడ్లింగ్ పైకీ కిందికీ ఊగుతుంది.

స్కానర్ పెట్టి చెరిపేస్తే పోతుంది కదా అంటారు. పోతుంది, కొన్ని రోజులకు మళ్లీ వస్తుంది. మాటిమాటికీ చెరిపించుకునే ఒక తమ్ముడు ఉండేవాడు, చివరికి లైటు మీద నల్ల టేపు వేసుకున్నాడు. ఆ టేపు కింద మిస్‌ఫైర్ లైటు కూడా వెలిగిందని సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కాలిపోయాక తెలిసింది. వాల్వ్ బదులు ఏదో రెసిస్టర్ పెట్టి కంప్యూటర్‌ను మోసం చేద్దామనేవాళ్లూ ఉన్నారు. నేను చేయను. చేసినవి విప్పి చూశా, వేడికి వైరు కవరు కరిగి ఉంది, అదీ పెట్రోల్ పైపు పక్కన.

పొల్యూషన్ సర్టిఫికెట్ వస్తుందా? పోలీసులకు తెలుస్తుందా?

సర్టిఫికెట్ సాధారణంగా వస్తుంది. ఆ పరీక్షలో సైలెన్సర్‌లో గొట్టం పెట్టి పొగ చూస్తారు, ట్యాంకు ఆవిరిని చూడరు. ఆవిరికి అసలు పరీక్ష కంపెనీ కారును ఆమోదించుకునేటప్పుడు జరుగుతుంది, కారును మొత్తంగా గాలి చొరని గదిలో పెట్టి ఎంత ఆవిరి బయటికి వచ్చిందో కొలుస్తారు. మన దగ్గర హద్దు పరీక్షకు 2 గ్రాములు. చూడండి, ఎండలో నిలబెట్టి, ఇంజన్ వేడి తగిలించి, రోజంతా కలిపి 2 గ్రాములు. డబ్బా లేకుండా అది అయ్యే పని కాదు.

రోడ్డు మీద ఎవరూ వంగి డబ్బా ఉందా అని చూడరు, నిజమే. కానీ చట్టం మాత్రం ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. 2019 సవరణ తర్వాత 182ఎ సెక్షన్ కింద అలా మార్చిన ఓనర్‌కు మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ. గాలి కాలుష్యం ప్రమాణాలు తప్పితే 190వ సెక్షన్ కింద మొదటిసారే 10,000 దాకా జరిమానా పడొచ్చు. నాకు దీనికన్నా భయం ఇన్సూరెన్స్ దగ్గర. బండి కాలితే సర్వేయర్ వచ్చి చూసే మొదటి చోట పెట్రోల్ లైన్లు, అక్కడ బోల్టు బిగించిన పైపు కనిపిస్తే క్లెయిమ్ ఆపడానికి మనమే కారణం చేతికిచ్చినట్టు. వారంటీ ఉన్న బండికైతే మాటే లేదు.

ఇప్పుడు ఈ20 పెట్రోల్, అంటే 20 శాతం ఇథనాల్ కలిపింది, వస్తోంది. దానికి డబ్బా అవసరం తగ్గుతుందా?

తగ్గదు, ఇంకా ఉండాలి. ఇథనాల్ ఒక్కదాన్నే తీసుకుంటే పెట్రోల్ కన్నా నెమ్మదిగా ఆవిరవుతుంది. కానీ పెట్రోల్‌లో కొద్దిగా కలిపినప్పుడు వ్యవహారం వేరు, ఆ మిశ్రమం ఆవిరి పీడనం మామూలు పెట్రోల్ కన్నా కొంచెం పెరుగుతుంది. పాత బండ్ల రబ్బరు పైపులకు కూడా ఇథనాల్ పడదు, మెత్తబడో పగిలో పోతాయి. పదేళ్లు దాటిన బండి అయితే ఈ ఎండాకాలం ముందే ఆవిరి పైపులు చేత్తో నలిపి చూపించుకోండి.

డబ్బా పీకలేదు, అయినా మూత తీస్తే గట్టిగా భుస్సుమంటోంది. బంకులో నాజిల్ కూడా మాటిమాటికీ ఆగిపోతోంది?

కొంచెం చప్పుడు మామూలే, ఎండలో మరీనూ. గట్టిగా భుస్సుమని, పైగా నాజిల్ ఆగుతోందంటే డబ్బా గాలి పీల్చుకునే పైపు ఎక్కడో మూసుకుపోయింది, ట్యాంకులోంచి గాలి బయటికి రావట్లేదు. మూత మెల్లగా, సగం తిప్పి ఆగి, చప్పుడు తగ్గాక పూర్తిగా తీయండి.

కారణం చాలాసార్లు దుమ్ము. ఒకసారి మాత్రం కుమ్మరి పురుగు. ఊళ్లో రెండు నెలలు కదలకుండా ఉన్న కారు, ఆ పైపు చివర పురుగు మట్టితో గూడు కట్టి నీట్‌గా సీల్ వేసింది, నేను వేసిన బోల్టు కన్నా బాగా. ఒక పుల్లతో తీసి, కంప్రెసర్ గాలి తక్కువ ప్రెషర్‌లో కొట్టాం, అయిపోయింది. గాలి కొట్టేటప్పుడు ఆ పైపును డబ్బా నుంచి విప్పి కొట్టాలి, లేకపోతే మట్టి అంతా బొగ్గులోకి పోతుంది.

బండి వరద నీళ్లలో మునిగింది. డబ్బా పనికొస్తుందా?

2023 జులై వానలకు వరంగల్‌లో కాలనీలు మునిగినప్పుడు ఇలాంటివి వరసగా వచ్చాయి. నీళ్లు చక్రాల పైదాకా వస్తే వెనక ఉన్న డబ్బాలోకి తప్పకుండా పోయి ఉంటాయి. తడిసిన బొగ్గు ఆవిరిని సరిగ్గా పట్టదు, లోపల బురద కూడా చేరితే ఎండబెట్టినా లాభం లేదు, మార్చాల్సిందే. ఇన్సూరెన్స్‌కి చెప్పేటప్పుడు ఇంజన్, సీట్లతో పాటు దీన్ని కూడా జాబితాలో రాయించండి, అందరూ మర్చిపోతారు.

సెకండ్ హ్యాండ్ కారు కొన్నా, పాత ఓనర్ ఇప్పటికే పీకేశాడు. ఇప్పుడేం చేయాలి?

తిరిగి పెట్టించండి, పెద్ద పనేం కాదు. డబ్బా, వాల్వ్, రెండు మూడు పైపులు, క్లిప్పులు. వాల్వ్ ధర డబ్బా కన్నా చాలా తక్కువ, డబ్బా మాత్రం మోడల్‌ని బట్టి మారుతుంది. డబ్బా బానెట్ కిందే ఉన్న బండి అయితే గంట పని, వెనక ట్యాంకు పక్కన ఉంటే పూట.

డబ్బులు కలిసొస్తాయని స్క్రాప్‌లో పాత డబ్బా కొనాలనుకుంటే మూడు చూడండి: ఊపితే గలగలమనకూడదు, బరువుగా ఉండకూడదు, తెల్ల గుడ్డ మీద కొడితే నల్ల పొడి రాలకూడదు. పగుళ్లు ఉంటే వద్దే వద్దు. పర్జ్ వాల్వ్ మాత్రం పాతది కొనకండి, కొత్తదే వేయండి. బిగించాక బాణం గుర్తు ఉంటే అది ఎటు చూపిస్తోందో చూసుకోవాలి, తిరగేసి బిగించి మళ్లీ నా మీదకే వచ్చినవాళ్లు ఉన్నారు.

కొనేముందే కనిపెట్టాలంటే, బానెట్ ఎత్తి మ్యానిఫోల్డ్ దగ్గర ఏదైనా చిన్న పైపు చివర బోల్టో, రబ్బరు బుడిపో బిగించి ఉందేమో చూడండి. పక్కన ఎటూ కలపని ప్లగ్ ఒకటి టేపు చుట్టి వేలాడుతుంటే ఇక అడగక్కర్లేదు, బేరం తగ్గించుకోండి.

విప్పిన పాత డబ్బా ఏం చేయాలి? ఇంటికి తీసుకుపోవచ్చా?

తీసుకుపోకండి, ముఖ్యంగా డిక్కీలో వేసుకుని. బయటికి పొడిగా కనిపించినా లోపల పెట్రోల్ ఆవిరి రోజుల తరబడి ఉంటుంది. మా షెడ్డులో కొత్తగా చేరిన పోరగాడు ఒకసారి దాన్ని వెల్డింగ్ బల్ల కింద పెట్టాడు, నేను రాడ్డు పట్టుకున్నాక వాసన తగిలి ఆగా. వాణ్ని ఏమీ అనలేదు, బల్ల కిందకి వంగి వాసన చూడమన్నా, అంతే. ఇప్పుడు పాత డబ్బాలన్నిటికీ వెనక గోడ బయట, వేపచెట్టు కింద ఒక రేకు డ్రమ్ము ఉంది. స్క్రాప్ ఆయన నెలకోసారి వస్తాడు, ఆయన డ్రమ్ము దగ్గరికి వచ్చేటప్పుడు నోట్లో బీడీ లేకుండా చూసే పని ఆ పోరగాడిదే.